ఇత్తడి బిళ్ళ కనపడేదాకా

ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్ల దారి పడతాయి. మోటార్ సైకిల్ వెనక సీట్లో కూర్చున్న మనిషి ఒళ్ళో అడ్డంగా, పాత చీరలోనో యూరియా సంచిలోనో చుట్టిన పొడుగాటి మూట కనపడితే అది తుపాకీయే అనుకోవచ్చు. పోలింగు, లెక్కింపు అయ్యేదాకా స్టేషన్లో ఉంచుకుని తర్వాత తిరిగి ఇస్తారు. ప్రతి విలేకరీ ఆ రోజుల్లో ఒక చిన్న వార్త రాస్తాడు. ఫలానా తేదీలోగా ఆయుధాలు అప్పగించాలని ఎస్సై కోరారు అని. పేజీలో మూల మిగిలితే వేస్తారు, లేకపోతే లేదు.

నేను అలాంటి వార్తలు చాలా రాశాను. వాటిలో ఒకదాని కోసం వెళ్ళినప్పుడు చూసిన సంగతి నా ఉద్యోగమంతటిలోనూ నాకు బాగా గుర్తున్నది.

రిటైరయ్యాక తాడేపల్లిలో ఉంటున్నాను. నేర వార్తలు రాయాలనుకునే కుర్రకారు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. పెద్ద కేసుల గురించి, పెద్దవాళ్ళ గురించి అడుగుతారు. నేను వాళ్ళకి ఒక రైఫిలు గురించి చెబుతాను. మొదట్లో మొహాలు చూసుకుంటారు. చివరికొచ్చేసరికి ఫోన్లు పక్కన పెడతారు.

డెస్కు అవతలి గొంతు

నాకు పని నేర్పింది శేషగిరిరావు గారు. జిల్లా పేజీల డెస్కు ఆయనది. ఆఫీసు దాటి బయటికి వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు. కానీ జిల్లాలో ఏ ఊరి వార్తయినా ఆయన ప్రశ్న వేస్తే, ఆ ఊళ్ళో ఉన్న మనకే తెలియని సంగతి ఒకటి బయటపడేది.

నేను చేరిన కొత్తల్లో చీమకుర్తిలో ఒక గ్రానైటు క్వారీ దగ్గర వాచ్‌మన్ కాలికి తుపాకీ గాయమైంది. గోడకి ఆనించిన తుపాకీ కిందపడి పేలింది. ఫోన్లో అదే చెప్పాను. ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు.

"ఏవయ్యా, గోడకి ఎవరు ఆనించారు?"

"వాచ్‌మనేనండి."

"లోడు చేసే ఆనించాడా?"

"అయి ఉంటుందండి."

"ఉంటుందా, ఉందా? పడ్డప్పుడు మూతి ఎటుంది? అంతకుముందు దాన్ని ఎవరు తెరిచి చూశారు? ఇవి కనుక్కుని మళ్ళీ ఫోన్ చెయ్యి. పేజీ ఆపమంటే ఆపుతా."

మళ్ళీ లారీల దుమ్ములో పడి క్వారీకి వెళ్ళాను. ఆ వాచ్‌మన్‌కి పగలంతా లోడు చేసి ఉంచే అలవాటుందని, తుపాకీ ఎలా తెరవాలో అతనికి ఎవరూ నేర్పలేదని తెలిసింది. మొదట నేను చెప్పింది వానో పిడుగో పడ్డట్టుగా ఉంది. రెండోసారి రాసింది చదివిన క్వారీ యజమాని మనిషిని మార్చలేదు, నేర్పించడానికి ఒకాయన్ని పిలిపించాడు. వార్త వల్ల జరిగే మేలు అలా చిన్నగా ఉంటుంది. దాన్ని తక్కువగా చూడకండి.

ఆ వారమే శేషగిరిరావు గారు అన్నారు: "మన జిల్లాల్లో పంట కాపలా లైసెన్సులు చాలా ఉన్నాయి. నీకు తుపాకీ అంటే సినిమా చప్పుడు తప్ప ఏమీ తెలియదు. గుంటూరులో ఖాదర్ వలీ అని ఒకాయన ఉన్నాడు. వెళ్ళి ఒక పూట కూర్చుని రా. వార్త ఏమీ తేనక్కర్లేదు."

వార్త తేనక్కర్లేదని విలేకరిని పంపే అధికారి మీకు దొరికితే అతన్ని వదులుకోకండి.

సాయిబు గారి కొట్టు

ఖాదర్ వలీ గారు తుపాకులు అమ్మే, బాగుచేసే లైసెన్సు ఉన్న మనిషి. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన, గోళ్ళ సందున నూనె మరక. తన పనితనం గురించి తానే గొప్పగా చెప్పుకునేవాడు, ఎదుటివాళ్ళు చెప్పడంలో ఆలస్యమైతే ఊరుకునేవాడు కాదు. కొట్లో ఒక మూల ఇసుక బస్తాలు పేర్చి ఉండేవి. లోపలికి వచ్చిన ప్రతి తుపాకీ ముందు వాటివైపు తిరగాలి.

నేను వెళ్ళిన రోజు పర్చూరు వైపు రైతొకాయన మూట విప్పుతూ, "ఖాళీదేనండి సాయిబు గారూ" అన్నాడు.

"మీ మీద నాకు నమ్మకం ఉంది. మీ తుపాకీ మీద లేదు. అటు తిప్పండి."

ఆ మూటలో ఉన్నది లివర్ రైఫిలు. మన ప్రాంతంలో అరుదు. పోలీసులకీ రైతులకీ అలవాటైనవి బోల్టు లాగే రైఫిళ్ళు, లేదా మధ్యకి విరిగే జంట గొట్టాల తుపాకులు. దీనికి ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప వంకీయే వెనక్కి పొడుగ్గా సాగి, మూడు వేళ్ళు పట్టే కడియంలా ఉంటుంది. ఖాదర్ వలీ మొహం వెలిగిపోయింది.

"చూడండి విలేకరి గారూ, ఎవడి బుర్రో గానీ చేతులెత్తి దణ్ణం పెట్టాలి. బోల్టు రైఫిలైతే పిడి మీంచి చెయ్యి తీసి, గుండీ ఎత్తి, లాగి, తోసి, దించాలి. దీనికి చెయ్యి తియ్యక్కర్లేదు. ఈ కడియాన్ని కిందికి తోస్తే కాల్చిన తూటా తొడుగు బయటికి ఎగురుతుంది, వెనక తూటాను కొట్టే సుత్తి, హ్యామరంటాం, అది లేస్తుంది, కొత్త తూటా వచ్చి నిలబడుతుంది. పైకి లాగితే అది చాంబరులోకి, అంటే పేలే గదిలోకి పోతుంది. తలుపు తీసి తలుపు వేసినట్టు. అంతే."

మెల్లగా, నాకు అర్థమయ్యేలా ఆడించి చూపించాడు. చేతిలో ఉన్నవి మందు లేని నకిలీ తూటాలు. బ్యారెల్ కింద ఇంకో సన్నటి గొట్టం ఉంది. తూటాలు అందులో ఒకదాని వెనక ఒకటి, రైలు పెట్టెల్లా పడుకుంటాయన్నాడు. ముందు చివర నుంచి ఒక స్ప్రింగు వాటిని వెనక్కి తోస్తూ ఉంటుంది. స్ప్రింగు కొసన చిన్న ఇత్తడి బిళ్ళ. కడియం తెరిచినప్పుడల్లా ఒక తూటా వెనక్కి జారి చిన్న పళ్ళెం మీదికి వస్తుంది. ఆ పళ్ళెం దాన్ని చాంబరు ఎత్తుకు లేపుతుంది.

"రైలు పెట్టెల్లా అన్నారుగా. మరి ఒకదాని ముక్కు ముందుదాని వీపుకి తగలదా?" అన్నాను.

ఆయన నావైపు మొదటిసారి మర్యాదగా చూశాడు. "తగులుతుంది. వీపు మధ్యలోనే దాన్ని అంటించే మందు ఉంటుంది. అందుకే దీని తూటాలకి ముక్కు చదునుగా ఉండాలి. సూది ముక్కువి ఇందులో పెట్టే మనిషి నా కొట్టు మెట్టెక్కకూడదు."

తర్వాత ఆయన చెప్పిన మాట నేను ఇప్పటికీ పాఠంలా చెబుతాను. "ఈ పని ఇంత సులువు కాబట్టే దీనితో జాగ్రత్త. ఖాళీయో కాదో చూద్దామని ఒకసారి తెరిచి మూస్తారు చూడండి, గొట్టంలో తూటా ఉంటే ఆ తెరిచి మూయడమే లోడు చేయడం. చూశామనుకుంటారు. ఎక్కించి ఉంటారు. పైగా చాలా పాతవాటికి వేరే సేఫ్టీ బొత్తాం ఉండదు. లేచిన హ్యామరు ఒక్కటే గుర్తు."

"మరి ఖాళీ చేయడం ఎలా?"

"మూతి ఇసుకవైపు. వేలు ట్రిగ్గర్ బయట. తూటాలు ఒక్కొక్కటీ బయటికి వచ్చేదాకా కడియం ఆడించాలి."

"రావడం ఆగిపోతే ఖాళీ అయినట్టేగా?"

"పర్చూరు బస్సు రాలేదంటే బస్సే లేనట్టా? ఎక్కడో పంచరై ఆగి ఉంటుంది!" అని పెద్దగా నవ్వాడు. రైతు కూడా నవ్వాడు. "స్ప్రింగు ముసలిదైతే తూటా మధ్యలో ఆగిపోతుంది. గొట్టానికి సొట్ట పడితే ఇరుక్కుంటుంది. అందుకే కడియం తెరిచి ఉంచి, పళ్ళేన్ని వేలితో అదిమి, గొట్టంలోకి చూడాలి. ఇత్తడి బిళ్ళ కనపడాలి. కనపడ్డాక చిటికెన వేలితో తడమాలి. బిళ్ళ కనపడేదాకా అది నిండు తుపాకీయే. ఇంకొకరి చేతికి మారిందంటే మళ్ళీ మొదటి నుంచి చూడాలి. పుచ్చుకున్నవాళ్ళు నన్ను అవమానిస్తున్నారని ఇచ్చినవాళ్ళు అనుకోకూడదు."

పూటకని వెళ్ళినవాణ్ణి సాయంత్రం దాకా కూర్చున్నాను. రైఫిలు నా చేతికి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

సలోమి ఇసుక డ్రమ్ము

తర్వాత చాలా ఏళ్ళకు, అదీ ఎన్నికల కాలమే, ఒక మండల కేంద్రంలో స్టేషన్‌కి వెళ్ళాను. ఊరి పేరు అవసరం లేదు. చుట్టూ మిరప, పత్తి. కొండ పక్క చేలల్లోకి అడవిపందులు దిగుతాయి కాబట్టి పంట కాపలా లైసెన్సులు ఎక్కువ.

తుపాకులు తీసుకునే పని కొత్తగా వచ్చిన కానిస్టేబుల్ సలోమికి ఇచ్చారు. ఇంకా ప్రొబేషన్లో ఉంది. వాళ్ళమ్మ మిరప కోతలకు వెళ్ళే కూలీ. ఆ ఇంట్లో మొదటి ఉద్యోగం ఇదే. స్టేషన్లో మంటలార్పే ఇసుక బక్కెట్లు సిగరెట్టు పీకలతో, కిళ్ళీ ఉమ్ములతో నిండి ఉంటే, ఆమె పక్కన కడుతున్న ఇంటి దగ్గర అడిగి మంచి ఇసుక తెచ్చి పాత తారు డ్రమ్ము నింపింది. శిక్షణలో అలాగే నేర్పారట. హాలు మధ్యలో ఆ డ్రమ్ము చూసి తోటివాళ్ళు ఒకటే ఎగతాళి.

"ఏం సలోమీ, ఇసుక ర్యాంపు పెట్టావా?"

"ట్రాక్టరుకెంత తల్లీ?"

"మీకైతే ఉచితమే అన్నా. ముందు ఆ సిగరెట్టు బయట పారేసి రా" అంది నవ్వకుండా.

బయట ఎండలో మూటలు పట్టుకుని రైతులు వరసలో ఉన్నారు. నేను ఎస్సై బల్ల పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాను. అప్పుడు రామకోటయ్య గారు వచ్చారు. నీళ్ళున్న పొలం, మాట చెల్లే మనిషి. ఆయన చేతిలో మూట విప్పితే లివర్ రైఫిలు. వాళ్ళ తాతగారు మద్రాసులో కొన్నదట. చెక్క మీద మెరుగు ఇంకా ఉంది. అలాంటిది మళ్ళీ చూసినందుకు నాకు నిజంగా ముచ్చటేసింది.

"మూతి డ్రమ్ములో పెట్టండి సార్" అంది సలోమి.

"ఏమ్మాయ్, నేను పుట్టకముందు నుంచి మా ఇంట్లో ఉంది ఇది. నాకు నేర్పుతున్నావా?"

"అందుకేనండి. మీకంటే పెద్దది కదా, మర్యాదగా చూద్దాం."

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మూతి ఇసుకలో దించి ఇచ్చాడు. ఆమె వేలు ట్రిగ్గర్‌కి దూరంగా పెట్టి కడియం చాలాసార్లు ఆడించింది. ఏమీ రాలేదు. తెరిచి చాంబరులోకి చూసింది. ఖాళీ.

రామకోటయ్య గారు అక్కడితో ఊరుకోలేదు. తాతగారి రైఫిలును ఒక కొత్త పిల్ల మోటబావి గిలకలా ఆడించడం ఆయనకి నచ్చలేదనుకుంటాను. రైఫిలు ఆమె చేతిలోంచి తీసుకుని, "ఇలా కాదమ్మాయ్, దీని సొగసు చూడు" అన్నాడు. వెనక చెక్క చివర, బట్‌ను సిమెంటు నేల మీద ఠపీమని కొట్టాడు. ఎత్తి, మణికట్టు ఒక్క విసురుతో కడియం తెరిచి మూశాడు. చక్, చక్. నిజంగానే సొగసైన చప్పుడు. మూతి సీలింగు ఫ్యాను మీదుగా తిరిగి వచ్చింది. నేను కుర్చీ పక్కకి జరుపుకున్నాను.

"ఇంద. హ్యామరు దించి లోపల పెట్టుకో."

"ఇందాకే చూశావుగా సలోమీ, ట్రిగ్గర్ నొక్కి హ్యామరు దించి ర్యాకులో పెట్టెయ్. బయట జనం ఎండలో ఉన్నారు" అన్నాడు ఎస్సై, కాగితాల్లోంచి తల ఎత్తకుండానే.

రైఫిలు మళ్ళీ చేతికొచ్చేసరికి ఆమె ఎస్సై బల్ల ముందే నిలబడి ఉంది. అక్కడే నొక్కి ఉండొచ్చు. ఒకసారి ర్యాకువైపు, ఒకసారి డ్రమ్మువైపు చూసింది. డ్రమ్ము దగ్గరికి నడిచింది. మూతి ఇసుకలో గుచ్చింది. ట్రిగ్గర్ నొక్కింది.

ఆ చప్పుడు గోడల మధ్య ఎలా ఉంటుందో రాయలేను. డ్రమ్ములోంచి ఇసుక పైకి లేచి ఫ్యానుకు తగిలి, హాలంతా జల్లుగా కురిసింది. నా టీలో ఇసుక. ఎస్సై టోపీ మీద ఇసుక. బయటినుంచి ఎవరో, "ఏ లారీ టైరురా అది?" అని అరిచారు.

సలోమి రైఫిలు వదల్లేదు. వేలు ట్రిగ్గర్ మీంచి తీసింది. మూతి ఇసుకలోనే ఉంచి కడియం తెరిచింది. కాల్చిన తూటా తొడుగు నేల మీద పడి దొర్లింది. కడియం మూయలేదు. తెరిచినది తెరిచినట్టే రైఫిలును డ్రమ్ముకు ఆనించి దానికి అడ్డంగా నిలబడింది.

ఎస్సై లేచి వచ్చాడు. "ఇటివ్వు ముందు!"

"వద్దు సార్. లోపల ఇంకా ఉందేమో. ఎవరూ ముట్టుకోవద్దు."

"నాకే చెబుతున్నావా?"

"అవును సార్."

ఎస్సై ఆగాడు. ఆ ఆగడానికి ఆయనకి కూడా కొంత మర్యాద దక్కాలి.

ఏమని రాయాలి

చప్పుడు తగ్గాక నెపం వెతుక్కోవడం మొదలైంది. "నేను ఖాళీది ఇచ్చాను. ఈ పిల్లే ఏదో పిచ్చిపని చేసింది" అన్నారు రామకోటయ్య గారు. ఆయన అబద్ధం ఆడలేదు. ఖాళీదని నిజంగా నమ్మారు. తోటి కానిస్టేబుళ్ళు గోడలు చూస్తున్నారు.

ఎస్సై నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. మనిషి చెడ్డవాడు కాదు, కంగారుపడ్డాడు. "సార్, ఆ పిల్ల ప్రొబేషన్లో ఉంది. స్టేషన్లో తుపాకీ పేల్చిందంటే ఇంటికి పంపిస్తారు. ప్రమాదవశాత్తు పేలింది అని రెండు ముక్కలు రాసి వదిలేయండి. ఆమెకీ మంచిది, నాకూ మంచిది, పెద్దాయనకీ మంచిది."

దయగా చెప్పిన మాట. ఇలాంటి దయే విలేకరికి అన్నిటికంటే కష్టం. బెదిరిస్తే ఎదురు తిరగొచ్చు, దయ చూపిస్తే ఏం చేస్తాం?

గుమ్మంలోంచి సలోమి విన్నది. బయటికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, జుట్టులో ఇసుక.

"సార్, అలా రాయకండి. అలా రాస్తే రేపు అందరూ నా చేతిలో అదే పేలిందనుకుంటారు. దానంతటది పేలలేదు. నేను నొక్కాను. ఇసుకలో పెట్టి నొక్కాను."

"నీ ఉద్యోగం పోతుందమ్మా" అన్నాడు ఎస్సై.

"పోతే పోనివ్వండి సార్, జరిగినదానికే పోవాలి." నావైపు తిరిగింది. "ఆయన ఆడించి ఇచ్చాక మళ్ళీ తెరిచి చూడాల్సింది నేను. చూడలేదు. అది తప్పే. అదీ రాయండి. కానీ ఇసుక సంగతి వదిలేయకండి."

ఊళ్ళో ఎస్టీడీ బూత్ నుంచి శేషగిరిరావు గారికి ఫోన్ చేశాను.

"నువ్వు చూశావా, విన్నావా?"

"చూశానండి. పక్కనే ఉన్నాను."

"వరసగా చెప్పు."

చెప్పాను. ఆమె ఆడించింది, చూసింది. ఆయన తీసుకున్నాడు, నేలకి కొట్టాడు, తెరిచి మూశాడు, ఇచ్చాడు. ఎస్సై నొక్కమన్నాడు. ఆమె ఇసుక దగ్గరికి వెళ్ళి నొక్కింది. తర్వాత ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

"ఆ రామకోటయ్య అక్కడి మన పేపరు ఏజెంటుకి బావ కదూ?"

"అవునండి."

"తప్పు ఎవరిదో నువ్వు రాయకు. అది నీ పని కాదు. ఈ వరస మాత్రం ఒక్క మెట్టు కూడా తప్పకుండా రాయి. ఏజెంటు ఫోన్ నాకు వదిలెయ్."

మర్నాడు అలాగే వచ్చింది. విశేషణం ఒక్కటి కూడా లేదు. ఏజెంటు ఏమన్నాడో శేషగిరిరావు గారు నాకెప్పుడూ చెప్పలేదు. అధికారంలో ఉన్నవాళ్ళు కిందివాళ్ళకి చేసే మేలు ఎక్కువగా ఇలాగే, మనకి వినపడని ఫోన్లలో జరుగుతుంది.

డీఎస్పీ ముందు

విచారణకు వచ్చిన డీఎస్పీ ఆ వార్త చదివి, తుపాకీ తెలిసిన మనిషి కావాలని ఖాదర్ వలీ గారిని పిలిపించాడు. నన్ను కూడా చూసింది చెప్పమని రమ్మన్నారు. సాయిబు గారు జీపు దిగడమే పెళ్ళికొచ్చినట్టు దిగాడు. అత్తరు స్టేషనంతా.

రైఫిలు ఇంకా తెరిచే ఉంది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"దీన్ని ఇలా వదిలింది ఎవరు?"

"నేనేనండి" అంది సలోమి.

"మంచిపని చేశావమ్మా." ఆయన ఇంకొకరిని మెచ్చుకోవడం నేను విన్నది అప్పుడే.

పళ్ళేన్ని అదిమి టార్చి వేశాడు. బిళ్ళ కనపడలేదు. గొట్టం ముందు భాగంలో చిన్న సొట్ట ఉంది, ఎప్పుడో ట్రాక్టరు ట్రాలీకి కొట్టుకున్నదట. ఆ సొట్ట దగ్గర ఇంకో తూటా ఇరుక్కుని ఉంది. ముందు రోజు ఎస్సై ఆ రైఫిలు లాక్కుని మూసి, మళ్ళీ ఆడించి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. తూటాను జాగ్రత్తగా బయటికి తీశాడు. తర్వాత తన నకిలీ తూటాలు వేసి, మూతి ఇసుకలోకి పెట్టి కడియం ఆడించాడు. మొదటిది బయటపడింది. ఆపైన ఎంత ఆడించినా ఇంకేమీ రాలేదు. గొట్టంలో ఇంకా ఉన్నాయి. ముసలి స్ప్రింగుకు వాటిని ఎత్తులోకి తోసే బలం లేదు. అప్పుడు బట్‌ను నేలకి ఠపీమని కొట్టాడు. తెరిచాడు. పళ్ళెం మీద తూటా.



"మూతి నేలవైపు పెట్టే ఖాళీ చేస్తాం మేము" అన్నారు రామకోటయ్య గారు. "మా నాయన అలాగే నేర్పాడు. ఎవరికీ తగలకూడదని."

"మీ నాయన సరిగ్గానే నేర్పారండి. అప్పుడు స్ప్రింగు కూడా వయసులో ఉంది. ఇప్పుడు మూతి కిందికి పెడితే తూటా కిందికే జారిపోతోంది. మీరేమో రావడం లేదు కాబట్టి ఖాళీ అనుకుంటున్నారు. బిళ్ళ చూశారా ఎప్పుడైనా?"

"ఏ బిళ్ళ?"

అన్నేళ్ళుగా రైఫిలు ఇంట్లో ఉంది. దాన్ని ప్రేమగా తుడిచాడు, నూనె రాశాడు, అలమారలో తాళం వేసి ఉంచాడు. బిళ్ళ ఉంటుందని మాత్రం తెలియదు. నేను దీన్ని నిర్లక్ష్యం అనను. వస్తువును గౌరవించడం, తెలుసుకోవడం రెండు వేరు వేరు పనులు. మనవాళ్ళం మొదటిది చక్కగా చేస్తాం.

డీఎస్పీ కాగితం తీశాడు. అప్పుడు రామకోటయ్య గారు కుర్చీలోంచి లేచారు. "అయ్యా, రాసుకోండి. నేలకి కొట్టింది నేను. తెరిచి మూసింది నేను. ఎక్కించి ఆ పిల్ల చేతికిచ్చింది నేను. ఆ పిల్ల ఇసుక దగ్గరికి పోకపోతే ఎస్సై గారి బల్ల ముందే నొక్కేది. నేను కదా అప్పుడు మనిషిని చంపినవాణ్ణి?" సలోమి వైపు చూడలేక గోడవైపు చూస్తూ, "పిచ్చిపని అన్నాను నిన్న. అనకూడదు" అన్నారు.

చేతులు మారాక మళ్ళీ చూడనందుకు సలోమికి ఒక హెచ్చరిక ఇచ్చారు. మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ఉద్యోగం నిలబడింది. రైఫిలు మరమ్మతుకు గుంటూరు వెళ్ళింది. జీపెక్కుతూ ఖాదర్ వలీ నాతో, "కొట్లో పెట్టుకుందామంటే ఇలాంటి మనిషి దొరకదండీ" అన్నాడు. ఎవరి గురించో చెప్పలేదు, నేనూ అడగలేదు.

మొన్నటి ఎన్నికలు

శేషగిరిరావు గారు లేరు. ఖాదర్ వలీ గారి కొట్టు ఆయన కూతురు చూస్తోంది. ఇసుక బస్తాలు ఆ మూలనే ఉన్నాయి.

మొన్నటి ఎన్నికలప్పుడు ఆ స్టేషన్‌కి ఊరికే వెళ్ళాను. డ్రమ్ము పోయి, సిమెంటు తొట్టె కట్టారు. సలోమి ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్. జుట్టు కాస్త నెరిసింది. ఎగతాళి చేసేవాళ్ళు లేరు, కానీ ఆమే కుర్రాళ్ళని ఆటపట్టిస్తోంది. ఒక కానిస్టేబుల్ ఖాళీదే మేడం అంటే, "నీ మీద నమ్మకం ఉంది నాయనా" అని తొట్టె చూపించింది. ఆ మాట సాయిబు గారి కొట్లోదని నాకు తెలుసు.

వరసలో రామకోటయ్య గారు కనపడ్డారు. చేతికర్ర వచ్చింది. రైఫిలును మాత్రం వేరెవరినీ మోయనివ్వలేదు. తన వంతు రాగానే ఎవరూ చెప్పకముందే మూతి ఇసుకలో దించారు. కడియం తెరిచారు. పళ్ళెం అదిమి, వంగి లోపలికి చూశారు. చాలాసేపు చూశారు.

"అమ్మాయ్, నా కళ్ళకి పొరలు కమ్మాయి. బిళ్ళ కనపడ్డం లేదు. ఉందేమో నువ్వు చూసి చెప్పు."

సలోమి పక్కన వంగింది. టార్చి వేసింది. చిటికెన వేలు పెట్టి తడిమింది.

"ఉందండి. ఖాళీయే."

"సరిగ్గా చూశావా?"

"చూశానండి. ఇటివ్వండి."

ఆయన రైఫిలు ఆమె చేతికిచ్చారు. ఆమె ర్యాకువైపు తిరగబోయింది.

"ఏమ్మాయ్" అన్నారాయన. "ఇప్పుడు నీ చేతికొచ్చింది."

సలోమి ఆగింది. తొట్టె దగ్గరికి తిరిగొచ్చి, మూతి ఇసుకలో పెట్టి, మొదటి నుంచి మళ్ళీ చూసింది.